ఓడ వచ్చిన బల్ల ఆదివారం

గైడు పని అడగడానికి వెళ్ళి చెప్పుల కాపలా పనితో తిరిగొచ్చిన ఘనత నాది. తొంభై ఏడు డిసెంబరు మొదట్లో మాట. భవానీపూర్‌లో ఒక పాతమేడ మెట్ల కింద ఇరుక్కున్న ట్రావెల్ ఆఫీసు. యజమాని బిమలేందు దా (అక్కడ 'దా' అంటే అన్న) నా ఇంగ్లీషు విన్నాడు, డిగ్రీ కాయితం తిప్పి చూశాడు, తల ఊపాడు. ఇంకేముంది, ఉద్యోగం వచ్చేసిందనుకున్నాను.

"గైడంటే లైసెన్సు ఉండాలి దిదీ. లైసెన్సంటే అనుభవం ఉండాలి. నాకిప్పుడు అర్జంటుగా కావలసింది మెట్ల మీద కూర్చునే మనిషి," అన్నాడు.

ఆ చలికాలం మా ఖిదిర్‌పూర్ డాకుకి ఒక తెల్ల ఓడ వస్తోంది. కొలంబోలో బయలుదేరి, విశాఖపట్నంలో ఆగి, కలకత్తాలో ఆగి, రంగూన్ పోతుంది. రేవు రేవునా దిగి బౌద్ధుల గుళ్ళు చూడటం అందులో వాళ్ళకి కొందరికి సరదా, కొందరికి మొక్కు. ఎక్కువమంది జపాను ముసలివాళ్ళు. కలకత్తాలో వాళ్ళకున్నది ఒక్క పూట. బౌబజార్ సందులో ఒక విహారం, చీనావాళ్ళ పేటలో ఒక గుడి, ఆఖర్న ఢాకురియా చెరువు దగ్గర జపాను గుడి. ఎక్కడికి వెళ్ళినా జోళ్ళు విప్పాలి. వంగలేని నడుములు, లేసుల బూట్లు. కిందటేడు ఒక పెద్దాయన ఒంటి బూటుతో ఓడెక్కాడట, రెండోది కుక్క ఎత్తుకుపోయింది. ఆ ముచ్చట చెప్పి బిమలేందు దా నవ్వలేదు, అంటే ఆ బూటు ఖరీదు ఆయనే పెట్టుకున్నాడన్నమాట.

నేను సరేనన్నాను. మెట్ల దాకా రానిచ్చారంటే గుమ్మం దాకా వచ్చినట్టే. గుమ్మం దాటడం నా చేతిలో పని అనుకున్నాను.

ఇంటికొచ్చి చెప్పినప్పుడు మా నాన్న అన్నం తింటున్నాడు. మా నాన్న ఎలీయాజరు పోర్టులో క్రేను నడిపేవాడు, మా తెలుగు బాప్టిస్టు సంఘంలో పెద్ద. నెలకో ఆదివారం మా గుడిలో ప్రభువు బల్ల, అంటే ఆయన పేర రొట్టె, ద్రాక్షరసం, ఇచ్చేటప్పుడు రొట్టె పళ్ళెం పట్టుకుని వరస వరసకీ తిరిగేది ఆయనే. ఆ రోజు తెల్లప్యాంటు, తెల్లచొక్కా వేసుకునేవాడు. క్రేను మీద కూర్చున్నప్పటికంటే ఎత్తుగా కనిపించేవాడు.

"ఏటి పనది?" అన్నాడు.

"ఓడోళ్ళని గుళ్ళకి తీసికెల్తారు నాన్నా. ఆళ్ళకి సాయం."

"ఏ గుళ్ళు?"

"బుద్ధుడి గుళ్ళు."

"ఇగ్రహాల కాడికా!"

"నాను లోపలికెల్లను. మెట్ల మీద కూకుంటాను."

"మెట్ల మీద కూకుని ఏటి సేస్తావు?"

"ఆళ్ళ జోళ్ళు సూస్తాను. ఇప్పి పెట్టడం, తొడగడం."

నాన్న చెయ్యి కంచంలో ఆగిపోయింది. "ఒద్దు," అన్నాడు. కారణం చెప్పలేదు. ఒద్దన్నాక కారణం అడిగే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు. అమ్మ నా వైపు చూసి ఊరుకోమన్నట్టు కళ్ళు తిప్పింది. నేను ఊరుకున్నాను. ఓడ వచ్చిన రోజున మాత్రం నాన్న డ్యూటీకి పోగానే జడ వేసుకుని బస్సెక్కాను.

ఆ పని నాకు వస్తుందని నాకే తెలియదు. మొదటి గుడి దగ్గరే ఒక బస్సు జనం మెట్ల మీద పడి ఒకేసారి జోళ్ళు విప్పేసరికి గాభరా పడ్డాను. రెండో గుడికి తెలివొచ్చింది. బిమలేందు దా జేబులోంచి సుద్దముక్క అడిగి పుచ్చుకుని, ఎవరి సీటు నంబరు వాళ్ళ జోళ్ళ అడుగున రాశాను. ముందువైపు బయటికి తిప్పి వరసలుగా పెట్టాను. లోపల్నించి వచ్చినవాళ్ళు తిరక్కుండా కాళ్ళు దూర్చుకోవచ్చు. ఎవరి వేళ్ళు వాచి ఉన్నాయో, ఎవరికి మడమ దగ్గర పట్టీ కట్టి ఉందో గుర్తుపెట్టుకున్నాను. లోపల్నించి డోలు మోత, సాగతీసి చదివే మంత్రం, అగరుబత్తి వాసన. నేను బయట చలిలో ఎనభై కాళ్ళ జోళ్ళతో రాణిలా కూర్చునేదాన్ని. వెళ్ళేముందు ముసలమ్మలు నా చెయ్యి పట్టుకుని వంగి దణ్ణం పెట్టేవారు. నేనూ వంగేదాన్ని. వాళ్ళు మళ్ళీ వంగేవారు. బస్సు హారను కొట్టేదాకా మా వంగుళ్ళు తెమిలేవి కావు.

ఖిదిర్‌పూర్‌లో తెలుగువాళ్ళ మధ్య రహస్యం నిలవదు. జనవరి బల్ల అయిపోయాక, ఆఖరి పాట పాడి అందరూ కదిలేలోపు, సాల్మన్ రాజు గారు లేచారు. ఆయనా సంఘ పెద్దే. పోర్టు ఆఫీసులో గుమాస్తా, ఎప్పుడూ జేబులో రెండు పెన్నులు.

"అయ్యగారూ, మన సంఘం బిడ్డ ఒకతె అన్యుల గుళ్ళ మెట్ల మీద కనపడతందట. పెద్ద బిడ్డే అలగుంటే చిన్నబిడ్డలకి మనమేటి చెప్తాం?" అన్నారు.

పెద్ద బిడ్డ అంటే సంఘ పెద్ద బిడ్డ. అందరి తలలూ నా వైపు తిరిగాయి. పాస్టరు అయ్యగారు మెత్తనివారు. గొంతు సవరించుకుని, "అమ్మా జెరూషా, వచ్చే నెల బల్లలోపు ఆ పని మానెయ్యమ్మా. లేదంటే కొన్నాళ్ళు బల్లకి దూరంగా ఉండవలసి వస్తుంది. నీ మంచికే," అన్నారు.

నోరు మూసుకోవాల్సింది. నాకది పుట్టుకతో రాలేదు. "అయ్యగారూ, మా నాన్న క్రేనుతో దించే పెట్టెల్లో ఏ దేవుళ్ళ బొమ్మలున్నాయో చూసే దించుతాడా? నేనూ జోళ్ళే చూస్తాను, దేవుణ్ణి చూడను," అన్నాను.

వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. నాన్న నవ్వలేదు. ఖాళీ రొట్టె పళ్ళెం కేసి చూస్తూ నిలబడ్డాడు. తర్వాత ఇంటికి నడిచాం. క్వార్టర్ల గేటు దగ్గర, ఎన్నికలకి కొత్తగా ఎర్రసుత్తి కొడవలి గీస్తున్న గోడ పక్కన ఆగి, "మానీ," అన్నాడు.

"మానను."

"నా మాట కన్నా ఆ జోళ్ళు ఎక్కువేటి నీకు?"

"నీకు నచ్చని పనని మానీమంటే మానను నాన్నా. అది తప్పు పనని నువ్వు సెప్పు, మానేస్తాను."

గోడకి రంగు వేస్తున్న కుర్రాళ్ళు బ్రష్షులాపి మమ్మల్ని చూశారు. నాన్న లోపలికెళ్ళిపోయాడు. ఆ రోజునించి నాతో మాట్లాడటం మానేశాడు. కావలసినవి అమ్మకి చెప్పేవాడు, నేను పక్కనే ఉన్నా సరే. "జెరూషాని ఉప్పిమ్మను." నేనూ తక్కువ తినలేదు. "అమ్మా, ఉప్పిచ్చీసేనని సెప్పు," అనేదాన్ని. మధ్యలో మా అమ్మ రోజమ్మ నలిగిపోయింది.

ఒక సాయంత్రం చేప ముక్కలు కడుగుతూ ఆమే బయటపడింది.

"మీ నాన్నకి అడ్డొచ్చింది ఇగ్రహాలు కాదే గుంటా. జోళ్ళు."

నాకు అర్థం కాలేదు.

"ఆళ్ళయ్య తోలుపని సేసీవోడు. పాలకొండ సంతలో జోళ్ళు కుట్టీవోడు. మీ నాన్న సిన్నప్పుడు పక్కన కూకుని కుట్టినోడే. జోళ్ళు కుట్టించుకున్నోళ్ళు డబ్బులు సేతికియ్యక దూరంగా మట్టిలో ఇసిరీవోరట, ఏరుకోడానికి. కలకత్తా వొచ్చి పోర్టులో పడ్డాక మరి ఆ ఊసెత్తనేదు. నా పెళ్ళయిన కొత్తల్ల నా సెప్పు తెగిపోతే, కొత్తది కొన్నాడు గాని సూదట్టనేదు. ఇప్పుడు నువ్వెల్లి ఊరోళ్ళ జోళ్ళ కాడ కూకున్నావు."

మరొకరైతే జాలిపడి ఆ రాత్రే మానేసేవారేమో. నాకు ఒళ్ళు మండింది. నాన్న మీద కాదు. మట్టిలో డబ్బులు విసిరినవాళ్ళకి లేని సిగ్గు, ఏరుకున్నవాడి కొడుక్కి ఎందుకు? ఆయన సిగ్గుపడుతున్నాడు కాబట్టి నేను మానితే, ఆ సిగ్గు నాకూ అంటుకున్నట్టే. తర్వాత నా పిల్లలకి. ఈ పని ఎలాగైనా సరే వదలకూడదని నేను గట్టిగా అనుకున్నది ఆ చేపల పళ్ళెం పక్కనే.

"నాను మానను అమ్మా," అన్నాను.

"నాకు తెల్దేటి," అంది అమ్మ. "నీకాయన మూర్ఖమే వొచ్చింది."

ఆ తర్వాతి ఓడ ఎప్పుడని బిమలేందు దాను అడిగితే, ఫిబ్రవరి మొదటి ఆదివారం అన్నాడు. నెల మొదటి ఆదివారం మా బల్ల ఆదివారం. నేను మా గుడికి వెళ్ళి మానేశానని ఒప్పుకుంటే బల్ల. ఓడ దగ్గరికి వెళ్తే బల్ల లేదు, నాన్న పళ్ళెం పట్టుకుని మా వరసకొచ్చినప్పుడు నా చోటు ఖాళీగా ఉంటుంది. ఆయన పరువు ఊరందరి ముందు పోతుంది. ఇది ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

ఆ ఉదయం అమ్మ తెల్లచొక్కా ఇస్త్రీ చేస్తుంటే, నేను నాన్న ముందే జడ వేసుకున్నాను. దొంగతనంగా వెళ్ళదలచుకోలేదు.

"నాన్నా, ఓడకాడికి ఎల్తన్నాను. ఆఖర్న ఢాకురియా గుడికాడుంటాను."

ఆయన బైబిలు తెరిచి ఉంచుకుని పేజీ తిప్పలేదు. బస్‌స్టాపు దాకా ఏడుస్తూ నడిచాను. బస్సెక్కాక కళ్ళు తుడుచుకున్నాను. సుద్దముక్క జేబులో ఉందో లేదో చూసుకున్నాను.

ఆ రోజు అన్నీ ఆలస్యమే. దారిలో ఎర్రజెండాల ఊరేగింపు అడ్డొచ్చింది, ఢాకురియా చేరేసరికి ఎండెక్కింది. బిమలేందు దా గడియారం చూస్తూ గంతులేస్తున్నాడు. మధ్యాహ్నం గంగకి పోటు వచ్చినప్పుడే డాకు గేటు తీస్తారు. అది తప్పితే ఓడ తర్వాతి పోటు దాకా కదలదు. అందరూ గుడిలోంచి ఒక్కసారి తోసుకొచ్చారు. నేను మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్కరికీ తొడుగుతూ బస్సువైపు పంపుతున్నాను. ఆఖరికి ఒక ముసలామె మిగిలింది, చిన్న మనిషి, తెల్ల మేజోళ్ళు. ఆమె కుడి బూటు ఎత్తగానే అట్ట ఊడి వేలాడింది. అడుగు సగం దాకా నోరు తెరిచింది.

ఆమె బూటుని చూసి, నన్ను చూసి, తప్పు తనదే అన్నట్టు వంగి దణ్ణం పెట్టింది. నా జడ రిబ్బను విప్పి కట్టబోయాను. నిలవలేదు. "తాడాతాడి, దిదీ, తాడాతాడి!" అని తొందరపెడుతూ బిమలేందు దా బస్సు మెట్టు మీంచి అరుస్తున్నాడు. గేటు పక్క ఫుట్‌పాత్ మీద ఒక బీహారు ముసలాయన జోళ్ళు కుడుతున్నాడు. పరుగెత్తాను. ఆయన చేతిలో ఇంకెవరిదో బూటుంది, ఆ మనిషి పక్కనే నిలబడి ఉన్నాడు. అరగంట ఆగమన్నాడు.

తల తిప్పేసరికి నాన్న.

తెల్లప్యాంటు, తెల్లచొక్కా, చేతిలో బైబిలు. బల్ల ఇంకా అయ్యే వేళ కాదు. నన్ను జుట్టు పట్టుకుని లాక్కెళ్ళడానికే వచ్చాడనుకున్నాను. ఇంతమందిలో కేకలేస్తే ఏం చెయ్యాలో కూడా క్షణంలో అనేసుకున్నాను. రాను అంటాను, అంతే.

నాన్న నన్ను చూడలేదు. నా చేతిలో బూటు చూశాడు. మెట్ల మీద ఒంటికాలి మీద నిలబడి, గోడ పట్టుకున్న ముసలామెను చూశాడు. బైబిలు నా చేతికిచ్చాడు. బూటు తీసుకున్నాడు. ఆ తెల్లప్యాంటుతో ఫుట్‌పాత్ మీద గొంతుక్కూర్చుని, బీహారు ఆయన ముందు చెయ్యి చాపాడు. "ఆరె ఇయ్యి," అన్నాడు తెలుగులోనే. తోలు పొడిచే ఆ సూదికి ఆయనకి వేరే భాషలో పేరు తెలియదనుకుంటాను. ఆ ముసలాయనకి మాట తెలియలేదు, చెయ్యి తెలిసింది. ఇచ్చాడు.

నాన్న బూటుని తలకిందులు చేసి దులిపాడు. అట్టకీ తోలుకీ మధ్యనించి ఇసుక జలజలా రాలింది. "ఇదేటి ఇసక?" అన్నాడు, నెల తర్వాత నాతో నేరుగా అన్న మొదటి మాట.

"మొన్న వైజాగులో దిగేరట నాన్నా. సముద్రంలో నడిచుంటాది."

కొంచెంసేపు చూశాడు ఆ ఇసుకని. వేళ్ళతో నలిపి చూశాడు. తర్వాత దారానికి మైనం రాసి, ఆరె దిగ్గొట్టి, మొదలుపెట్టాడు. దింపడం, లాగడం, మోకాలికి బిగించడం. నాకు ఇరవై రెండేళ్ళు. మా నాన్న చేతులు అంత వేగంగా, అంత ఇష్టంగా కదలడం నేను అంతకుముందు చూడలేదు. పళ్ళెం పట్టుకున్నప్పుడు కూడా ఆ చేతులు కొంచెం భయం భయంగా ఉండేవి.

బీహారు ముసలాయన తన చేతిలో పని ఆపేసి చూస్తున్నాడు. "మీ ఇంటి పనేనా భాయ్?" అని హిందీలో అడిగాడు.

చుట్టూ జనం ఉన్నారు. బిమలేందు దా బస్సు దిగి వచ్చి నిలబడ్డాడు. కిటికీల్లోంచి ముసలివాళ్ళు తొంగి చూస్తున్నారు. నాన్న దారం పళ్ళతో తెంపాడు.

"హాఁ," అన్నాడు. "మా బాపు పని."

అంతే. బూటు నాకిచ్చాడు. నేను పరుగెత్తుకెళ్ళి ముసలామె కాలికి తొడిగాను. ఆమె నాలుగడుగులు వేసి చూసుకుంది, నాన్న దగ్గరికెళ్ళి నడుం విరిగేలా వంగింది. నాన్నకి ఏం చెయ్యాలో తోచలేదు. లేచి నిలబడి, దుమ్ముకొట్టుకున్న ప్యాంటుతో, ఆయనా వంగాడు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. బస్సు కదిలింది. పోటు అందింది.

ఆ రోజు నేను బస్సుతో పోలేదు. ఇద్దరం ఖిదిర్‌పూర్ మినీబస్సు పట్టుకున్నాం. సీటు దొరికింది. కూర్చున్నాక నాన్నే అన్నాడు.

"పళ్ళెం కింద పెట్టీసి వొచ్చీసేను."

"ఏటైంది?"

"నీ సోటు ఖాళీగా ఉంటే, అయ్యగారు ఏటీ అననేదు. సాల్మన్ రాజు అన్నాడు. 'తాత బుద్ధి ఎక్కడికి పోతాది, తోలు వాసన కడిగితే పోతాదా' అన్నాడు. నలుగురు నవ్వేరు." నా దగ్గర్నుంచి బైబిలు తీసుకున్నాడు. "ఇగ్రహాలని అనుంటే ఊరుకుందును. నానూ అదే కదా అన్నాను. ఆడి నోట ఇన్నాక తెలిసింది, నానూ ఇన్నాళ్ళూ ఆడి మాటే అంటన్నానని."

ఆయన వేళ్ళకి మైనం నలుపు అంటుకుని ఉంది. ఆయన దాన్ని తుడుచుకోలేదు, నేను తుడుచుకోమనలేదు.

ఇంటికొచ్చేసరికి అమ్మ మాకంటే ముందే చేరి గుమ్మంలో కూర్చునుంది, కట్టుచీర మార్చుకోకుండా. ఆవిడా బల్ల తీసుకోలేదని మొహం చూస్తేనే తెలిసింది. ప్యాంటు మీది మట్టిని చూసింది, వేళ్ళని చూసింది. లేచి అన్నం వడ్డించింది. ఉప్పు కావలసి వచ్చినప్పుడు నాన్న నన్నే అడిగాడు.

"మరేటి సేద్దారి?" అంది అమ్మ, భోజనాలయ్యాక. "ఆళ్ళ కాడికెల్లి తప్పయిందని ఒప్పుకుంటారేటి? పెద్దరికం పోతాది."

"పెద్దరికం ఆళ్ళనే ఉంచుకోమను," అన్నాడు నాన్న. "వొచ్చే బల్లకి ముగ్గురం ఎల్తన్నాం. ముందు బెంచీల కూకుందుం. దీని ఓడ పని ఇది సేసుకుంటాది. ఎవుడు లెగమంటాడో సూస్తాను."

"అందరి ముందరా అడుగుతారు. జోళ్ళ కాడ నీ కూతురు కూకుంది, నువ్వూ కూకున్నావు, ఎవురు మీరని అడుగుతారు. ఏటి సెప్తావు?"

మా తాత పేరు ఆ ఇంట్లో వినబడటం అదే మొదలు.

"జోళ్ళు కుట్టిన గురువులు కొడుకునని సెప్తాను," అన్నాడు.